49వ ప్రయత్నంలో కప్పు, అదే వేదికపై వీడ్కోలు: ఫ్లావియా పెనెట్టా కెరీర్‌లోని చిక్కుముడులు

2015 సెప్టెంబర్ 12, శనివారం. న్యూయార్క్‌లోని ఆర్థర్ యాష్ స్టేడియంలో యూఎస్ ఓపెన్ మహిళల సింగిల్స్ ఫైనల్. ఇటలీకి చెందిన ఫ్లావియా పెనెట్టా తన దేశానికే చెందిన రొబెర్టా విన్సీని 7-6, 6-2తో ఓడించింది. 33 ఏళ్ళ వయసులో ఆమెకు అదే తొలి గ్రాండ్‌స్లామ్ సింగిల్స్ టైటిల్. బహుమతి ప్రదానం దగ్గర మైకు చేతికి రాగానే, టెన్నిస్‌కు తాను ఇలాగే వీడ్కోలు చెప్పాలనుకున్నానని, నెల రోజుల కిందటే ఈ నిర్ణయం తీసుకున్నానని ప్రకటించింది. గెలిచిన ఆనందంలో ఉన్న ఇటలీ అభిమానులకు ఆ మాట ఎంత షాక్ ఇచ్చి ఉంటుందో చెప్పనక్కర్లేదు.

అప్పటి నుంచి పెనెట్టా పేరు ఎత్తగానే రెండు మాటలు వినిపిస్తుంటాయి. సెరీనా విలియమ్స్ సెమీస్‌లోనే ఓడిపోయింది కాబట్టి ఈమెకు కప్పు అయాచితంగా దక్కిందన్నది ఒకటి. కెరీర్ అంతా ఓ మోస్తరుగా ఆడి, ఆఖర్లో రెండు వారాలు మెరిసి వెళ్ళిపోయిందన్నది రెండోది. పైపైన చూస్తే రెండూ నిజమే అనిపిస్తాయి. కానీ ఆమె ఆడిన మ్యాచ్‌లు, ర్యాంకుల్లో వచ్చిన ఎగుడుదిగుళ్ళు, చేతికి జరిగిన ఆపరేషన్, డబుల్స్‌లో మారిన జోడీలు అన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఈ రెండు మాటలూ నిలబడవు. న్యూయార్క్‌లో ఆ కప్పుకు పెనెట్టా ఏడేళ్ళుగా దగ్గర్లోనే తచ్చాడుతోంది. ఆ సంగతి గమనించినవాళ్ళు తక్కువ.

సెరీనా ఓడింది కాబట్టేనా?

ముందు ఆ ఏడాది పరిస్థితి చూద్దాం. 2015లో సెరీనా ఆస్ట్రేలియన్ ఓపెన్, ఫ్రెంచ్ ఓపెన్, వింబుల్డన్ మూడూ గెలిచి న్యూయార్క్ వచ్చింది. నాలుగోది కూడా గెలిస్తే ఒకే ఏడాదిలో నాలుగు గ్రాండ్‌స్లామ్‌లు గెలిచినట్టవుతుంది. 1988లో స్టెఫీ గ్రాఫ్ తర్వాత ఎవరికీ సాధ్యం కాని ఘనత అది. అమెరికా మీడియాకు ఆ రెండు వారాలూ వేరే వార్తే లేదు. అలాంటిది సెప్టెంబర్ 11న, 43వ ర్యాంకులో ఉన్న విన్సీ మొదటి సెట్ 2-6తో పోగొట్టుకుని కూడా తర్వాతి రెండు సెట్లు 6-4, 6-4తో గెలిచి సెరీనాను ఇంటికి పంపింది. టెన్నిస్ చరిత్రలో పెద్ద సంచలనాల్లో అదొకటి. దాని ధాటికి అదే రోజు, అదే కోర్టులో అంతకు కాస్త ముందు జరిగిన మరో సెమీఫైనల్ జనానికి ఆనలేదు.

ఆ సెమీఫైనల్ పెనెట్టాది. ప్రత్యర్థి అప్పటి ప్రపంచ రెండో ర్యాంకర్ సిమోనా హాలెప్. వాన వల్ల గురువారం జరగాల్సిన సెమీస్ శుక్రవారానికి వాయిదా పడ్డాయి. స్కోరు 6-1, 6-3. మ్యాచ్ 59 నిమిషాల్లో అయిపోయింది. ప్రపంచ రెండో ర్యాంకర్‌ను గ్రాండ్‌స్లామ్ సెమీస్‌లో గంట లోపే ఓడించడం మామూలు విషయం కాదు. అంతకు ముందు క్వార్టర్స్‌లో ఐదో సీడ్ (ర్యాంకు ప్రకారం టోర్నీలో ఇచ్చే స్థానం) పెట్రా క్విటోవా మీద ఒక సెట్ పోగొట్టుకుని, రెండో సెట్లో తన సర్వీస్ గేమ్ కూడా ఒకటి కోల్పోయి వెనకబడి కూడా 4-6, 6-4, 6-2తో గెలిచింది. క్విటోవా అప్పటికే రెండుసార్లు వింబుల్డన్ గెలిచిన మనిషి. నాలుగో రౌండ్‌లో ఓడించిన సమంతా స్టోసర్ 2011లో ఇదే యూఎస్ ఓపెన్ విజేత. కప్పు దాకా వెళ్ళిన దారిలో ఇద్దరు గ్రాండ్‌స్లామ్ చాంపియన్లు, ఒక ప్రపంచ నంబర్‌టూ ఉన్నారు. ఇంతమందిని దాటుకుని వచ్చిన గెలుపును అయాచితం అనడం అన్యాయం.

అయితే ఇంకో మాట కూడా నిజాయతీగా ఒప్పుకోవాలి. పెనెట్టా కెరీర్ మొత్తంలో సెరీనాను ఒక్కసారి కూడా ఓడించలేదు. ఆ ఆగస్టులో టొరంటోలో కూడా మొదటి సెట్ 6-2తో గెలిచి, తర్వాత 3-6, 0-6తో ఓడిపోయింది. ఫైనల్లో ఎదురుగా సెరీనా ఉండి ఉంటే పెనెట్టా గెలిచేదా అంటే, గెలిచేది అని నేను చెప్పలేను. కానీ నాకౌట్ టోర్నీలో ఎవరి పని వాళ్ళది. సెరీనాను ఆపడం విన్సీ వంతు వచ్చింది, విన్సీ ఆపింది. హాలెప్‌ను, క్విటోవాను ఆపడం పెనెట్టా వంతు వచ్చింది, పెనెట్టా ఆపింది. ప్రతి గ్రాండ్‌స్లామ్ విజేతకూ డ్రాలో ఎవరో ఒకరు ఎదురుపడకుండానే పోతారు. మిగతావాళ్ళ విషయంలో పట్టించుకోని ఈ లెక్కను పెనెట్టా విషయంలోనే ఎందుకు తీస్తారో నాకు అర్థం కాదు.

ఏడేళ్ళ న్యూయార్క్ లెక్క

"చివర్లో మెరిసింది" అనేవాళ్ళు చూడాల్సింది యూఎస్ ఓపెన్‌లో ఆమె రికార్డును. 2008లో క్వార్టర్‌ఫైనల్, దినారా సఫీనా చేతిలో ఓటమి. 2009లో క్వార్టర్‌ఫైనల్, సెరీనా చేతిలో ఓటమి. 2010లో మూడో రౌండ్. 2011లో షరపోవాను ఓడించి క్వార్టర్స్‌కు చేరి, అక్కడ ఏంజెలిక్ కెర్బర్ చేతిలో మూడు సెట్లలో ఓటమి. 2012లో గాయం, ఆడనే లేదు. 2013లో సెమీఫైనల్, విక్టోరియా అజరెంకా చేతిలో ఓటమి. 2014లో మళ్ళీ క్వార్టర్స్, మళ్ళీ సెరీనా. 2015లో టైటిల్. అంటే 2008 నుంచి ఆడిన ఏడు యూఎస్ ఓపెన్లలో ఆరింటిలో కనీసం క్వార్టర్స్ దాకా వెళ్ళింది. ఇంత నిలకడ టాప్-5లో ఉండే చాలామందికి కూడా ఉండదు.

మిగతా మూడు గ్రాండ్‌స్లామ్‌ల సంగతి వేరు. ఆస్ట్రేలియన్ ఓపెన్ సింగిల్స్‌లో ఒకే ఒక్కసారి, 2014లో, క్వార్టర్స్ దాకా వెళ్ళింది. ఫ్రెంచ్ ఓపెన్‌లో, వింబుల్డన్‌లో నాలుగో రౌండ్ దాటలేదు. ఫ్రెంచ్ ఓపెన్ విషయం ఆశ్చర్యం కలిగిస్తుంది. ఎందుకంటే పెనెట్టా పుట్టి పెరిగింది ఎర్రమట్టి కోర్టుల దేశంలో. ఆమె గెలిచిన 11 సింగిల్స్ టైటిళ్ళలో ఏడు మట్టి కోర్టులపై వచ్చినవే. 2004లో పోలండ్‌లోని సోపోట్‌లో మొదటి టైటిల్. తర్వాత బొగోటా, రెండుసార్లు అకపుల్కో, వీన్యా దెల్ మార్, పలెర్మో, మార్బెయా. హార్డ్ కోర్టులపై గెలిచినవి నాలుగే: బ్యాంకాక్, లాస్ ఏంజెలిస్, ఇండియన్ వెల్స్, యూఎస్ ఓపెన్. లెక్కకు మట్టి కోర్టు టైటిళ్ళే ఎక్కువ, విలువకు హార్డ్ కోర్టు టైటిళ్ళే ఎక్కువ. ఎందుకిలా?

సమాధానం ఆమె బ్యాక్‌హ్యాండ్‌లో ఉంది. రెండు చేతులతో, బంతికి పెద్దగా స్పిన్ ఇవ్వకుండా, నేల మీద నుంచి లేస్తున్నప్పుడే అందుకుని బల్లపరుపుగా కొట్టడం ఆమె పద్ధతి. మట్టి మీద బంతి నేలను తాకగానే వేగం తగ్గి ఎత్తుకు లేస్తుంది. పరుగెత్తే ప్రత్యర్థికి దాన్ని అందుకునే టైమ్ దొరుకుతుంది. అందుకే చిన్న టోర్నీల్లో తనకంటే తక్కువ స్థాయి వాళ్ళ మీద ఆ షాట్ చాలినా, పారిస్‌లో జరిగే ఫ్రెంచ్ ఓపెన్‌లో టాప్ ఆటగాళ్ళు దాన్ని తిప్పికొట్టేవాళ్ళు. న్యూయార్క్ హార్డ్ కోర్టులో బంతి నడుము ఎత్తులోనే, వేగం తగ్గకుండా జారుకుంటూ వెళ్తుంది. లైన్ వెంబడి ఆమె కొట్టే బ్యాక్‌హ్యాండ్ అక్కడ చూస్తుండగానే దాటిపోయేది. హాలెప్‌తో ఆడిన 59 నిమిషాల్లో జరిగింది అదే. హాలెప్ బలమంతా కాళ్ళలో ఉంది. పరుగెత్తి, బంతిని తిరిగి పంపి, ఎదుటివాళ్ళతో తప్పు చేయిస్తుంది. ఆ రోజు పెనెట్టా బంతిని ఎంత ముందుగా అందుకుందంటే హాలెప్‌కు పరుగు మొదలుపెట్టే వ్యవధి కూడా దొరకలేదు.

ఇక నరాల బలం సంగతి. న్యూయార్క్ ప్రేక్షకులకు పెనెట్టా ఏమిటో తెలిసింది 2015లో కాదు, 2009లో. నాలుగో రౌండ్‌లో వేరా జ్వొనరేవాతో రాత్రి మ్యాచ్. మొదటి సెట్ 3-6తో పోయింది. రెండో సెట్లో జ్వొనరేవాకు ఒకటి కాదు, ఆరు మ్యాచ్ పాయింట్లు (నెగ్గితే మ్యాచే ముగిసిపోయే పాయింట్లు) వచ్చాయి. ఆరింటినీ పెనెట్టా కాచుకుంది. 6-6 దగ్గర సెట్‌ను తేల్చే టైబ్రేక్‌ను 8-6తో నెగ్గి సెట్ గెలిచింది. మోకాళ్ళకు కట్టుకున్న టేపుతో తంటాలు పడుతూ, ఏడుస్తూ జ్వొనరేవా పూర్తిగా కుప్పకూలింది. మూడో సెట్ 6-0. ఆరుసార్లు ఓటమి అంచుదాకా వెళ్ళి వచ్చిన మనిషికి 2015 క్వార్టర్స్‌లో క్విటోవా మీద ఒక సెట్ వెనకబడటం పెద్ద విషయం అయి ఉండదు.

2009 వేసవి మొత్తం ఆమెదే. పలెర్మో, లాస్ ఏంజెలిస్ వరసగా గెలిచి, సిన్సినాటీలో సెమీస్ దాకా వెళ్ళి, వరసగా 15 మ్యాచ్‌లు గెలిచింది. ఆగస్టు 17న ప్రపంచ టాప్-10లో అడుగుపెట్టింది. ఇటలీ మహిళల్లో అంతకు ముందు ఆ పని ఎవరూ చేయలేదు. ఈ సంగతి తెలియనివాళ్ళే 2015లో ఆమెను చూసి "ఈమె ఎవరు?" అన్నారు.

మణికట్టు, 166వ ర్యాంకు

మరి 2009లోనే అంత బాగా ఆడితే గ్రాండ్‌స్లామ్ గెలవడానికి ఇంకో ఆరేళ్ళు ఎందుకు పట్టింది? దీనికి జవాబు కావాలంటే ర్యాంకులు ఎలా పనిచేస్తాయో కొంచెం తెలియాలి.

డబ్ల్యూటీఏ (మహిళల ప్రొఫెషనల్ టెన్నిస్ సంఘం) ర్యాంకు అంటే గత 52 వారాల్లోని మెరుగైన ఫలితాలకు వచ్చిన పాయింట్ల మొత్తం. ఏ వారం వచ్చిన పాయింట్లు మరుసటి ఏడాది సరిగ్గా అదే టోర్నీ దగ్గర పోతాయి. వాటి బదులు ఆ ఏడాది వచ్చినవి చేరతాయి. కాబట్టి క్రీడాకారిణి ఏటా తన పాత ఫలితాన్ని తనే కాపాడుకోవాలి. ఆడకపోతే కొత్త పాయింట్లు రావు, పాతవి మాత్రం వారం వారం పోతూనే ఉంటాయి. మంచం మీద ఉన్నా ఈ లెక్క ఆగదు.

2012లో పెనెట్టా కుడి మణికట్టు దెబ్బతింది. ఆమె ఆడేది కుడిచేత్తోనే. ఆగస్టు చివర్లో బార్సిలోనాలో ఆపరేషన్ జరిగింది. మళ్ళీ కోర్టులోకి వచ్చింది 2013 ఫిబ్రవరిలో. వచ్చాక కూడా వెంటనే గెలవలేదు. చేయి పూర్తిగా స్వాధీనంలోకి రావాలి, బంతిని ముందుగా అందుకునే టైమింగ్ తిరిగి రావాలి. బ్యాక్‌హ్యాండ్‌నే నమ్ముకున్న ఆటకు మణికట్టు ఎంత ముఖ్యమో వేరే చెప్పాలా? 2013 జూన్ నాటికి ఆమె ర్యాంకు 166కు పడిపోయింది. వయసు 31. ఆ వయసులో, ఆ ర్యాంకులో ఉన్నవాళ్ళకు చుట్టుపక్కల వాళ్ళు ఇచ్చే సలహా సాధారణంగా ఒకటే, ఇక చాలించమని.

ఆమె చాలించలేదు. నా దృష్టిలో పెనెట్టా కెరీర్‌లో గొప్ప ఘట్టం 2015 ఫైనల్ కంటే ఇక్కడి నుంచి ఆమె మళ్ళీ పైకి లేచిన తీరే. ఆ జూన్ చివర్లో వింబుల్డన్ మొదలైంది, నాలుగో రౌండ్ దాకా వెళ్ళింది. ఆగస్టు చివర్లో 83వ ర్యాంకుతో, సీడింగ్ లేకుండా యూఎస్ ఓపెన్‌లో దిగింది. రెండో రౌండ్‌లో నాలుగో సీడ్ సారా ఎరానీని, తర్వాత కుజ్నెత్సోవాను, హాలెప్‌ను, క్వార్టర్స్‌లో పదో సీడ్ విన్సీని ఓడించింది. ఎరానీ, విన్సీ ఇద్దరూ సొంత దేశం వాళ్ళే, దేశాల మధ్య జరిగే ఫెడ్ కప్ పోటీలో తన సహచరులే. సెమీస్‌లో అజరెంకా ఆపింది.

2014 జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్ క్వార్టర్స్. మార్చిలో కాలిఫోర్నియాలోని ఇండియన్ వెల్స్. గ్రాండ్‌స్లామ్‌ల తర్వాత పెద్ద స్థాయి టోర్నీల్లో అదొకటి. సెమీస్‌లో టాప్ సీడ్ లీ నాను, ఫైనల్లో అగ్నియెష్కా రద్వాంస్కాను 6-2, 6-1తో ఓడించి టైటిల్ గెలిచింది. 166 నుంచి 12వ ర్యాంకుకు ఏడాది కూడా పట్టలేదు.

ఇక్కడే 52 వారాల లెక్క మళ్ళీ అడ్డొస్తుంది. ఇండియన్ వెల్స్ విజేతకు 1000 పాయింట్లు. 2015లో అదే టోర్నీలో షరపోవాను ఓడించి మరీ క్వార్టర్స్ దాకా వెళ్ళింది. అది ఏ లెక్కన చూసినా మంచి ఫలితమే. అయినా క్వార్టర్స్‌కు వచ్చేది 215 పాయింట్లే. పాత వెయ్యి పోయి 215 చేరింది, అంటే బాగా ఆడిన వారంలోనే 785 పాయింట్లు చేజారాయి. ఆ ఏడాది యూఎస్ ఓపెన్‌కు ఆమె 26వ సీడ్‌గా ఎందుకు వచ్చిందో ఇప్పుడు అర్థమవుతుంది. ఆ అంకెను చూసి అనామకురాలు అనుకున్నారు గానీ, అది ఆమె ఆటకు అద్దం పట్టే అంకె కాదు. న్యూయార్క్‌లో లెక్క తిరగబడింది. 2014 క్వార్టర్స్ తాలూకు 430 పోయి, టైటిల్ తాలూకు 2000 చేరాయి. ఒక్క దెబ్బతో 8వ ర్యాంకు, రెండు వారాల తర్వాత 6. కెరీర్‌లో అదే అత్యుత్తమం.

49 అనే అంకె కూడా ఇక్కడే చెప్పాలి. పెనెట్టా ఆడిన గ్రాండ్‌స్లామ్ సింగిల్స్ మెయిన్ డ్రాలలో (అర్హత పోటీలు కాక అసలు టోర్నీల్లో) 2015 యూఎస్ ఓపెన్ 49వది. తొలి టైటిల్ కోసం అన్నిసార్లు ఆడాల్సి వచ్చిన మహిళ అప్పటికి మరొకరు లేరు. అంతకు ముందు మారియన్ బార్తోలీ 47వ ప్రయత్నంలో 2013 వింబుల్డన్ గెలిచింది. ఓపెన్ శకంలో (ప్రొఫెషనల్స్‌కు కూడా గ్రాండ్‌స్లామ్‌లు ఆడే వీలు వచ్చిన 1968 నుంచి) అందరికంటే లేటు వయసులో తొలి గ్రాండ్‌స్లామ్ సింగిల్స్ గెలిచిన మహిళ కూడా పెనెట్టాయే.

డబుల్స్ అల్లిక, మధ్యలో మన హైదరాబాదీ

సింగిల్స్ మాత్రమే చూసేవాళ్ళకు పెనెట్టా కెరీర్‌లో సగం కనిపించదు. డబుల్స్‌లో ఆమె 17 టైటిళ్ళు గెలిచింది. అర్జెంటీనాకు చెందిన గిసెలా డుల్కోతో కలిసి 2010 సీజన్ ముగింపు చాంపియన్‌షిప్, 2011 ఆస్ట్రేలియన్ ఓపెన్ గెలిచింది. 2011 ఫిబ్రవరి 28న డబుల్స్ ప్రపంచ నంబర్‌వన్ అయింది. ఇటలీ నుంచి ఆ స్థానానికి చేరిన తొలి క్రీడాకారిణి ఆమే.

2014లో స్విట్జర్లాండ్‌కు చెందిన మాజీ ప్రపంచ నంబర్‌వన్ మార్టినా హింగిస్‌తో జోడీ కట్టింది. ఇద్దరూ యూఎస్ ఓపెన్ డబుల్స్ ఫైనల్ దాకా వెళ్ళి మకరోవా, వెస్నినా జంట చేతిలో ఓడిపోయారు. ఆ ఏడాది సింగిల్స్‌లోనూ పెనెట్టా క్వార్టర్స్ ఆడిందని గుర్తుంచుకోవాలి. 2015 మొదట్లోనూ హింగిస్, పెనెట్టా కలిసే ఆడారు. మార్చికి వచ్చేసరికి హింగిస్ కొత్త జోడీని ఎంచుకుంది. ఆ కొత్త జోడీ మన సానియా మీర్జా. తర్వాత ఏం జరిగిందో తెలుగు పాఠకులకు గుర్తుండే ఉంటుంది. ఇండియన్ వెల్స్, మయామీ, చార్ల్‌స్టన్ వరసగా మూడు టైటిళ్ళు, ఏప్రిల్‌లో సానియాకు డబుల్స్ నంబర్‌వన్ ర్యాంకు, జులైలో వింబుల్డన్.

సరిగ్గా అదే సమయంలో ఇటలీలో ఇంకో జోడీ విడిపోయింది. ఎరానీ, విన్సీ కలిసి ఐదు గ్రాండ్‌స్లామ్ డబుల్స్ గెలిచారు. నాలుగు గ్రాండ్‌స్లామ్‌లనూ కనీసం ఒక్కసారైనా గెలిచిన జంట అది. 2015 మార్చిలో విడిపోయారు. అలా హింగిస్ వదిలిన పెనెట్టా, విన్సీతో విడిపోయిన ఎరానీ ఆ ఏడాది యూఎస్ ఓపెన్‌లో జట్టుగా దిగారు. సెమీస్ దాకా వచ్చారు. అక్కడ ఎదురైంది సానియా, హింగిస్ జంట. 6-4, 6-1తో మనవాళ్ళే గెలిచారు, ఆ తర్వాత ఫైనల్లో డెల్లాక్వా, ష్వెదోవా మీద 6-3, 6-3తో నెగ్గి టైటిల్ కూడా పట్టుకుపోయారు. ఆ సెప్టెంబర్‌లో మన పేపర్లలో హైదరాబాద్ అమ్మాయి ఫొటో వేసిన పేజీల్లోనే పెనెట్టా పేరు స్కోర్ల మధ్య చిన్నగా కనిపించేది. సెమీస్‌లో సానియా చేతిలో ఓడిన ఆ పెనెట్టాయే ఆ టోర్నీ సింగిల్స్ విజేత.

డబుల్స్ ఆడటం సింగిల్స్‌కు చేటు అని చాలామంది కోచ్‌లు అంటారు, శక్తి వృథా అవుతుందని. పెనెట్టా విషయంలో అది తప్పనిపిస్తుంది. డబుల్స్‌లో సర్వీస్‌ను తిప్పికొట్టే బంతి నెట్ దగ్గర నిలబడ్డ మనిషికి అందకుండా పోవాలి, అంటే తక్కువ ఎత్తులో, వేగంగా, కచ్చితంగా కొట్టాలి. ఏళ్ళ తరబడి ఆ పని చేసిన చేయి సింగిల్స్‌లో హాలెప్ సెకండ్ సర్వీస్ ముందు నిలబడితే ఏమవుతుందో చూశాం.

70 కిలోమీటర్ల దూరంలోని ఇద్దరు

ఫైనల్లో ఎదురెదురుగా నిలిచిన ఇద్దరిదీ పుల్యా ప్రాంతమే. ఇటలీ మ్యాపులో బూటు మడమ దగ్గర ఉంటుంది. ఏడ్రియాటిక్ తీరంలోని ఓడరేవు బ్రిందిసిలో 1982 ఫిబ్రవరిలో పెనెట్టా పుట్టింది. అక్కడికి సుమారు 70 కిలోమీటర్ల దూరంలో, అవతలి తీరంలోని తారాంతోలో 1983 ఫిబ్రవరిలో విన్సీ పుట్టింది. పిల్లలప్పటి నుంచీ ఒకరితో ఒకరు ఆడినవాళ్ళే. 1999లో ఫ్రెంచ్ ఓపెన్ జూనియర్ బాలికల డబుల్స్ టైటిల్ ఇద్దరూ కలిసే గెలిచారు. గ్రాండ్‌స్లామ్ చరిత్రలో ఇద్దరు ఇటలీ మహిళలు ఫైనల్ ఆడటం అదే మొదటిసారి కావడంతో, అప్పటి ప్రధాని మత్తేయో రెంజీ మ్యాచ్ చూడటానికి న్యూయార్క్ వచ్చారు. మ్యాచ్ అయ్యాక నెట్ దగ్గర ఇద్దరూ చాలాసేపు కౌగిలించుకున్నారు. బహుమతి ప్రదానానికి ఏర్పాట్లు జరుగుతున్నంతసేపూ పక్కపక్కన కూర్చుని కబుర్లు చెప్పుకున్నారు. ఓడినవాళ్ళు ఒక మూల, గెలిచినవాళ్ళు ఒక మూల కూర్చునే ఆటలో అలాంటి దృశ్యం చాలా అరుదు.

ఈ స్నేహం వెనక ఫెడ్ కప్ ఉంది. ఆ పోటీని ఇటలీ మహిళలు 2006, 2009, 2010, 2013లో గెలిచారు. షియవోనే, పెనెట్టా, విన్సీ, ఎరానీ అనే నలుగురి తరం అది. 2010లో ఫ్రాన్సెస్కా షియవోనే ఫ్రెంచ్ ఓపెన్ గెలిచి ఇటలీ నుంచి గ్రాండ్‌స్లామ్ సింగిల్స్ సాధించిన తొలి మహిళ అయింది. 2012లో ఎరానీ అదే టోర్నీ ఫైనల్ ఆడింది. పురుషుల వైపు చూస్తే 1976లో అద్రియానో పనత్తా ఫ్రెంచ్ ఓపెన్ గెలిచాక 2024లో యానిక్ సిన్నర్ వచ్చేదాకా ఖాళీయే. ఆ మధ్య కాలంలో ఇటలీ టెన్నిస్‌ను భుజాన మోసింది ఈ ఆడవాళ్ళు. ఇవాళ సిన్నర్ పేరు మార్మోగుతున్నప్పుడు ఈ సంగతి మరుగున పడటం నాకు బాధగానే ఉంటుంది.

గెలిచాక ఎందుకు వెళ్ళిపోయింది?

చాలామందికి అంతుచిక్కనిది ఇదే. టాప్-10లో ఉంది, గాయాల్లేవు, ఏడాదిలో రియో ఒలింపిక్స్ ఉన్నాయి. ఎందుకు ఆపేసింది?

ముందు ఒక అపోహ తీసేయాలి. ఆమె ఆ సాయంత్రమే రాకెట్ పక్కన పెట్టేయలేదు. వేదిక మీద చెప్పింది రిటైర్మెంట్ నిర్ణయం గురించి, కానీ ఆ సీజన్ పూర్తి చేసింది. ఏడాదిలో అత్యుత్తమంగా ఆడిన ఎనిమిది మందికి సింగపూర్‌లో జరిగే డబ్ల్యూటీఏ ఫైనల్స్‌కు అర్హత సాధించింది. గ్రూపులో హాలెప్ చేతిలో ఓడింది, రద్వాంస్కాను ఓడించింది, అక్టోబర్ 29న షరపోవా చేతిలో 5-7, 1-6తో ఓడింది. అదే ఆమె చివరి మ్యాచ్. ఆమె చేతిలో ఓడిన రద్వాంస్కాయే చివరికి ఆ టోర్నీ గెలిచింది. డబుల్స్ టైటిల్ సానియా, హింగిస్‌లకు దక్కింది.

రెండోది, నిర్ణయం గెలుపు తర్వాత వచ్చింది కాదు. గెలిచి "ఇక సాధించేది ఏముంది" అని ఆపేసిందని చాలామంది అనుకుంటారు. ఆమె చెప్పిన ప్రకారమే నెల రోజుల ముందే మనసులో తేల్చుకుంది. అంటే యూఎస్ ఓపెన్ మొదటి రౌండ్ ఆడేటప్పటికే ఇది తన చివరి న్యూయార్క్ అని ఆమెకు తెలుసు. ఈ క్రమం తెలిస్తే ఆ రెండు వారాల ఆట కొంత అర్థమవుతుంది. వచ్చే ఏడాది ఈ పాయింట్లు ఎలా కాపాడుకోవాలి, ర్యాంకు ఏమవుతుంది అన్న టెన్షన్ లేదు. 52 వారాల లెక్క ఇక ఆమెకు వర్తించదు. క్విటోవా మీద వెనకబడినప్పుడు, ఫైనల్లో మొదటి సెట్ టైబ్రేక్‌కు వెళ్ళినప్పుడు ఆమె షాట్లలో వెనకడుగు కనిపించకపోవడానికి ఇది ఒక కారణమని నేను నమ్ముతాను. ఇది నా అంచనా మాత్రమే, కానీ ఆ మ్యాచ్‌లు మళ్ళీ చూసిన ప్రతిసారీ నాకు బలపడే అంచనా.

మూడోది, ఆమెకు వేరే జీవితం కావాలనిపించింది. పదిహేనేళ్ళు ప్రొఫెషనల్‌గా, ఏటా పది నెలలు విమానాల్లో, హోటళ్ళలో గడిపిన మనిషి. అప్పటికే సహచర ఆటగాడు ఫాబియో ఫొన్యీనీతో కలిసి ఉంటోంది. ఆమె ఫైనల్ చేరిందని తెలియగానే అతను ఇటలీ నుంచి రాత్రికి రాత్రి విమానమెక్కి మ్యాచ్ వేళకు స్టేడియంలో ఉన్నాడు. 2016 జూన్‌లో బ్రిందిసికి దగ్గర్లోని ఒస్తూనీలో ఇద్దరూ పెళ్ళి చేసుకున్నారు. ముగ్గురు పిల్లలు. ఫొన్యీనీ కూడా 2025 వింబుల్డన్‌లో అల్కరాజ్‌తో ఐదు సెట్లు పోరాడి ఓడాక ఆటకు వీడ్కోలు చెప్పాడు. రియో ఒలింపిక్స్ కోసం మనసు మార్చుకుంటుందేమోనని ఇటలీలో చాలామంది ఆశపడ్డారు గానీ, పెనెట్టా అన్న మాట మీదే నిలబడింది.

విన్సీ ఇంకొన్నాళ్ళు ఆడి, 2016లో కెరీర్‌లో అత్యుత్తమంగా 7వ ర్యాంకు చేరి, 2018లో రోమ్‌లో ఆట ముగించింది. సానియా జంట చేతిలో పెనెట్టాతో పాటు ఓడిన ఎరానీ మాత్రం ఆగలేదు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో జాస్మిన్ పావొలీనీతో కలిసి డబుల్స్ స్వర్ణం, 2025లో ఫ్రెంచ్ ఓపెన్ డబుల్స్ గెలిచింది. పావొలీనీ 2024లో ఫ్రెంచ్ ఓపెన్, వింబుల్డన్ సింగిల్స్ ఫైనల్స్ రెండూ ఆడి రెండూ ఓడింది. పెనెట్టా తర్వాత ఇటలీ మహిళ ఒకరు గ్రాండ్‌స్లామ్ సింగిల్స్ టైటిల్‌కు అంత దగ్గరగా వెళ్ళింది అప్పుడే.